ఇల్లు కురుస్తోంది, మేస్త్రి మనవాడే... ఏం చెయ్యను?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒకావిడ కోనసీమలోని తన పుట్టింటి గురించి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి తీసేసి మిగతాది కుదించి చెబుతున్నాను.

1996 నవంబరు 6 తుఫానుకి వాళ్ల పెంకుటింటి కప్పు మొత్తం లేచిపోయింది. ఆ రాత్రి వాళ్లు పక్కింటి వంటగదిలో తలదాచుకున్నారట. 1998లో వాళ్ల నాన్నగారు అప్పు చేసి అదే చోట 900 చదరపు అడుగుల డాబా వేశారు. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అందులో డెబ్బై ఒకటేళ్ల అమ్మ ఒక్కరే ఉంటున్నారు. రెండేళ్లుగా ఇల్లు కురుస్తోంది. వంటింటి మూల పెద్ద మచ్చ. హాల్లో పెచ్చులు ఊడి రెండు చోట్ల ఊచలు బయటపడ్డాయి.

నిరుడు మార్చిలో ఊళ్లో మేస్త్రిగారు డాబా మీద తెల్లటి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేశారు. 85 వేలకి మాట్లాడుకున్నారు, 60 వేలు ఇచ్చారు. ఈయన వేరే ఎవరో కాదు, 1998లో ఆ డాబా కట్టిన మేస్త్రిగారి కొడుకే. తర్వాతి వానలకే ఇల్లు మళ్లీ కారింది. ఇప్పుడాయన "ఆయ్, స్లాబు పని అయిపోయిందండి పిన్నిగారూ, కొట్టేసి కొత్తది పోసుకోవాలి, శ్రావణంలో మంచి ముహూర్తం ఉంది" అంటున్నారు. మొత్తం ఏడున్నర లక్షలట, అందులో అడ్వాన్సు రెండున్నర లక్షలు, పైగా పాత బాకీ 25 వేలు. తెల్లకాగితం మీద 'సిమెంటు 160 బస్తాలు, ఇనుము 2 టన్నులు' అని రాసిచ్చారు. ఇంకోపక్క కాకినాడ నుంచి వచ్చిన ఒక వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ అబ్బాయి గోడకి ఏదో మీటరు పెట్టి బీప్‌మనిపించి, "స్లాబుకేం కాలేదు మేడం, మా కోటింగ్ వేస్తే పదేళ్ల వారంటీ, లక్షా ముప్ఫై అయిదు వేలు, ఆదివారం లోపు చెబితే ఇరవై శాతం తగ్గింపు" అన్నాడు. బెంగళూరులో ఉన్న అన్నయ్యేమో "పైన రేకులు వేసెయ్యండి, లేదా ఇల్లు అమ్మేసి అమ్మని తీసుకొచ్చేద్దాం" అంటాడు. అమ్మగారి మాట వేరు. "మీ నాన్న పోయిన రోజు అందరికంటే ముందు వచ్చింది వాడే. వాణ్ణి కాదని ఇంకొకళ్లకి పని ఇస్తే నేను మొహం ఎలా చూపించను?"

మేస్త్రి మోసం చేస్తున్నాడా, కంపెనీవాడు అబద్ధం చెబుతున్నాడా, ఎవర్ని నమ్మాలి అని ఆవిడ ప్రశ్న. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదట.

---

ముందు ఒక పని చెయ్యండి. ఇది చదవడం ఆపి అమ్మకి ఫోన్ చేసి, హాల్లో ఊచలు కనబడుతున్న చోట కింద మంచం, కుర్చీ ఏమున్నా పక్క గదిలోకి జరిపించమనండి. ఆ హాల్లో సీలింగ్ ఫ్యాను కూడా ఈ రోజు నుంచి తిప్పొద్దు. ఫ్యాను కొక్కెం స్లాబులోనే పాతి ఉంటుంది, స్లాబు ఊచలు తుప్పు పట్టాయంటే ఆ కొక్కెం మాత్రం బాగుంటుందని నమ్మకం లేదు, పైగా తిరిగే ఫ్యాను అదురు రోజంతా దాని మీదే పడుతుంది. ఎవరైనా పొడుగాటి కర్రతో స్లాబు కింద మెల్లగా తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోట వదులుగా ఉన్న పెచ్చుల్ని వాళ్లే రాల్చేస్తే మంచిది. తట్టేవాళ్లు పక్కకి నిలబడి తట్టాలి, నెత్తికి ఏదైనా పెట్టుకోవాలి. మచ్చ దగ్గర కరెంటు పైపు వెళ్తుంటే ఆ లైను ఆపించండి. నాలుగు సరుగుడు బాదులో ఇనప జాకీలో హాల్లో ఆనించమని మేస్త్రిగారికి చెబితే గంటలో చేసిపెడతారు, దానికి డబ్బు విడిగా ఇచ్చెయ్యండి. ఎవరికి పని ఇస్తాం అన్న ప్రశ్నకీ దీనికీ సంబంధం లేదు.

ఇక మీ ఉత్తరం సంగతి. ఎవర్ని నమ్మాలని అడిగారు గానీ, ఆ ప్రశ్న కంటే మీరు మధ్యలో యథాలాపంగా రాసేసిన మూడు మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

మొదటిది రెండో పేజీలో ఉంది. "ఏప్రిల్లో వెళ్లినప్పుడు కూడా వంటింటి మచ్చ ఆరలేదు, చెయ్యి పెడితే చల్లగా తగిలింది" అన్నారు. ఏప్రిల్లో మీ వైపు వానలెక్కడివండీ? వానే కారణమైతే ఎండాకాలం వచ్చేసరికి మచ్చ ఎండి, అంచున పసుపు గీత ఒకటి మిగలాలి. ఎండల్లో కూడా తడిగా ఉందంటే నీళ్లు రోజూ వస్తున్నట్టు. నీళ్ల ట్యాంకు వంటింటి పైనే ఉందని మీరే ఇంకోచోట రాశారు. ట్యాంకు అడుగునో, దాని నుంచి దిగే పైపు జాయింటులోనో, నిండి పొర్లే గొట్టం దగ్గరో కారుతూ ఉండొచ్చు. అదే నిజమైతే డాబా మీద ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా, ఆఖరికి కొత్త స్లాబు పోసినా, వంటింటి మచ్చ అలాగే ఉంటుంది. మా ఇంట్లో మేం మూడేళ్లు ఇదే తప్పు చేశాం. ప్రతి వేసవీ డాబాకి పూత పూయించడం, ప్రతి వానాకాలం పూసినవాణ్ణి తిట్టుకోవడం, చివరికి చూస్తే గోడలోంచి బాత్రూముకి వెళ్లే పైపు పగిలి ఉంది. ఎనిమిది వందలతో పోయింది. ముగ్గురు పనివాళ్లని తిట్టిన పాపం మాత్రం మిగిలింది.

రెండోది హాలు గురించి. "గీతలు గీసినట్టు అరడుగు దూరంలో వరసగా పగుళ్లు" అన్నారు. ఎండకి వచ్చే పగుళ్లు అంత క్రమశిక్షణతో రావు, అడ్డదిడ్డంగా వస్తాయి. ఊచలు ఎంత దూరంలో కట్టారో అంత దూరంలో, వాటి వెంటే పగుళ్లు వచ్చాయంటే లోపల ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతున్నాయని అర్థం. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, కాంక్రీటు లోపల ఆ చోటు ఉండదు కాబట్టి పెచ్చు బయటికి ఊడిపోతుంది. అంటే ఇక్కడ మేస్త్రిగారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేం, "స్లాబుకేం కాలేదు" అన్న కంపెనీ అబ్బాయి మాటే తేలిపోతోంది. తడిసిన గోడకి పెడితే ఆ మీటరు బీప్‌మనక ఇంకేం చేస్తుంది!

మూడోది నాన్నగారి మాట. తుఫాను తర్వాత ఊరంతా ఒకేసారి ఇళ్లు కట్టుకోవడంతో ఏదీ సరిగ్గా దొరక్క, పక్క బోరు నీళ్లతోనే కాంక్రీటు కలిపారని, ఆ నీళ్లు కాస్త ఉప్పగా ఉండేవని ఆయన చెప్పేవారన్నారు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. బయటి నుంచి వచ్చే తడిని కోటింగ్ ఆపుతుంది గానీ, కాంక్రీటులో మొదటిరోజే కలిసిపోయిన ఉప్పుని ఏ పూతా బయటికి తీయలేదు. ఆ ఉప్పే ఊచల్ని తినేస్తూ ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆనాటి పరిస్థితి అది, తలమీద కప్పు పోయిన మనిషి మంచినీళ్ల ట్యాంకరు కోసం ఆగుతాడా?

కాబట్టి మీ ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదు. వంటింటిది ఒకటి, హాలుది వేరొకటి. నిరుడు వేసిన కోటింగ్ ఈ రెండిట్లో దేనికీ మందు కాదు. మేస్త్రిగారు నాసిరకంగా వేశారో బాగానే వేశారో నాకు తెలీదు గానీ, బాగా వేసినా ఫలితం దాదాపు ఇదే అయ్యేది. ఆయన మోసం చేశారని చెప్పడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు. కారణం వెతక్కుండా పని మొదలెట్టారన్నది మాత్రం నిజం. ఆ లెక్కన మీరూ వెతకమని అడగలేదు.

రోగం తేల్చేవాడూ మందు అమ్మేవాడూ ఒక్కడే అవ్వడం దగ్గరే మీకు చిక్కంతా వచ్చింది. మేస్త్రికి స్లాబు పోయడం వచ్చు, ఆయనకి స్లాబు కనబడుతుంది. కోటింగ్ కంపెనీవాడికి కోటింగ్ కనబడుతుంది. పై పని దొరికినా దొరక్కపోయినా తన ఫీజు తనకి వచ్చే మనిషి ఒకరు ఇంతవరకూ ఆ డాబా ఎక్కలేదు. అలాంటి మనిషిని పట్టుకోండి. ఆర్ అండ్ బీలోనో పంచాయతీరాజ్‌లోనో పనిచేసి రిటైరైన ఇంజనీరు అమలాపురం, రాజమండ్రి, కాకినాడ వైపు వెతికితే దొరుకుతారు. స్ట్రక్చరల్ ఇంజనీరుగా ప్రాక్టీసు చేసేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో కూడా ఇలాంటి పరీక్షలు చేస్తారేమో అడిగి చూడండి. ఫీజు ఇవ్వడానికి చెయ్యి వెనకాడుతుంది, నాకు తెలుసు. పని చేసినవాడికి లక్షలిస్తాం గానీ చూసి చెప్పినవాడికి అయిదు వేలివ్వాలంటే మనకి ప్రాణం పోతుంది. ఏడున్నర లక్షల పక్కన పెట్టి చూసుకోండి ఆ ఫీజుని.

ఆ వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో మీకు కొంచెం తెలిసుంటే మంచిది. సుత్తిలాంటి చిన్న పరికరంతో స్లాబు మీద అక్కడక్కడా కొట్టి కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో ఒక అంచనాకి వస్తారు. పెచ్చు కొద్దిగా చెక్కి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. గులాబి రంగు వస్తే కాంక్రీటులో ఊచల్ని కాపాడే గుణం ఇంకా ఉన్నట్టు, రంగు రాకపోతే అక్కడ పోయినట్టు. మీ ఇంటికి ముఖ్యమైనది ఉప్పు పరీక్ష. నాలుగైదు చోట్ల డ్రిల్లు చేసి ఆ పొడిని ల్యాబుకి పంపితే క్లోరైడు, అంటే ఉప్పులో ఊచల్ని తినే భాగం, ఎంతుందో చెబుతారు. కొత్తగా పోసే ఆర్‌సీసీలో, అంటే ఊచలు వేసి పోసే కాంక్రీటులో, అది ఘనమీటరుకి 0.6 కిలోలు మించకూడదని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 నియమం, దాంతో పోల్చి మీ పాత స్లాబు ఎక్కడుందో ఇంజనీరు చెప్పగలరు. ఊచ ఎంత అరిగిందో కొలవమని కూడా అడగండి.

వంటింటి సంగతి తేల్చుకోవడానికి ఇంజనీరు కూడా అక్కర్లేదు. మచ్చ అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, ఫోటో తీసి పంపమనండి. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, వాన లేని రెండు మూడు రోజులు బకెట్లతో గడపమనండి, పక్కింటివాళ్లు సాయం చేస్తారు. మచ్చ ఆరడం మొదలెడితే దొంగ దొరికినట్టే. ఆరకపోతే డాబా మీద వంటింటి వరకూ మట్టితో గట్టు కట్టి కొద్దిగా నీళ్లు నిలబెట్టి 24 గంటలు చూడొచ్చు. హాలు పైన మాత్రం నీళ్లు నిలబెట్టొద్దు. వంద చదరపు అడుగుల్లో అంగుళం లోతు నీళ్లంటే దాదాపు 236 కిలోల బరువు, పెచ్చులు ఊడుతున్న స్లాబు మీద అంత బరువుతో పరీక్ష పెట్టడం తెలివైన పని కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. అది గోడల మీదుగా దిమ్మె కట్టి పెట్టారా, స్లాబు నడిమధ్య ఇటుకల మీద పెట్టారా అన్నది కూడా చూపించండి. డాబా ఎక్కినప్పుడే నీళ్ల వాటం ఎటుందో, వాన గొట్టం మూతి దగ్గర ఆకులు, నాచు ఎంత పేరుకున్నాయో కూడా చూడమనండి. కొబ్బరిచెట్ల కింద డాబా కదా, సగం ఇళ్లు ఈ ఒక్క గొట్టం మూసుకుపోయే కురుస్తుంటాయి.

పరీక్షలు అయ్యాక మీ ముందు ఏమేం ఉంటాయో, ఒక్కోటి ఏం అడుగుతుందో చెబుతాను. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను. ఇంజనీరు కాగితం చూడకుండా చెబితే నేనూ మీ కంపెనీ అబ్బాయి జాబితాలో చేరతాను.

తుప్పు హాల్లో కొద్దిమేరకే ఉండి, మిగతా ఇంట్లో ఉప్పు తక్కువని తేలితే అక్కడికే మరమ్మతు చేయించొచ్చు. సరిగ్గా చేస్తే ఇది సిమెంటు మెత్తేసే పని కాదు. కింద సపోర్టులు పెట్టి, ఊచ వెనక వరకూ కాంక్రీటు చెక్కి, ఊచని తుప్పు లేకుండా తళతళలాడేలా రుద్ది, బాగా అరిగిన చోట కొత్త ఊచ కలిపి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చాలి. అదంతా అయ్యాకే పైన వాటం సరిచేసి వాటర్‌ప్రూఫింగ్. మామూలు ఇసుక సిమెంటుతో పూసి సున్నం వేసేస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ పెచ్చు మీ చేతిలో ఉంటుంది. ఉప్పు ఎక్కువున్న స్లాబుకి ఇలాంటి అతుకులు వేస్తే ఇంకో తిరకాసు ఉంది, బాగుచేసిన చోటు బాగానే ఉంటుంది గానీ దాని అంచున, పాత కాంక్రీటులో తుప్పు ఇంకా జోరుగా మొదలవుతుంది. ఉప్పు పరీక్ష గురించి నేను అంత పట్టుబట్టింది అందుకే.

ఉప్పు ఇల్లంతా ఉందని తేలితే మేస్త్రిగారి మాటే నెగ్గుతుంది, కొట్టి పోసుకోవాలి. ఖర్చు ఒక్కటే కాదు, అమ్మ కనీసం రెండు నెలలు వేరే చోట ఉండాలి. అందులోనూ శ్రావణంలో మాత్రం వద్దు. ముహూర్తం ఎంత బాగున్నా వాన పంచాంగం చూసి రాదు. మీ వైపు నైరుతి వానలు తగ్గేలోపే అక్టోబరు, నవంబరు తుఫానులు మొదలవుతాయి, ఆ రోజుల్లో కప్పు లేని ఇల్లు అంటే ఏమిటో అమ్మకి నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించుకోండి. ఈలోపు టార్పాలిను, సరుగుడు బాదులతో గడపొచ్చా లేదా అన్నది ఇంజనీరే చెప్పాలి. గడపలేమంటే అమ్మని మీ దగ్గరికి తెచ్చుకోండి.

రేకుల మాటా తీసిపారేసేది కాదు. ఎండా వానా ఆగుతాయి, ఖర్చు తక్కువ. కానీ రేకులు హాల్లో తుప్పుని ఆపవు, దాన్ని కళ్లకి కనబడకుండా చేస్తాయి. పైగా మీది సముద్రపు గాలి. ఇంజనీర్లు మన తీరానికి లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలికి షెడ్డు స్తంభాల్ని దేనికి బిగిస్తారు? పాతికేళ్ల పిట్టగోడకా, తుప్పు పట్టిన స్లాబుకా? 1996లో ఎగిరిపోయిన కప్పు కథ మళ్లీ మొదటికి వస్తుంది. మరమ్మతు చేయించాక, స్లాబు మోయగలదని ఇంజనీరు అన్నాక, పంచాయతీ కార్యదర్శిని అడిగి అనుమతి అవసరమో కాదో తెలుసుకుని వేసుకుంటే అది వేరే సంగతి.

ఇక కంపెనీ అబ్బాయి కోటింగ్. స్లాబు గట్టిగా ఉండి వాన నీళ్లే కారణమైతే అది మంచి మందే. వారంటీ కార్డు మాత్రం సంతకం పెట్టకముందే వెనకవైపు చదవండి. వారంటీ ఇస్తున్నది రంగు తయారుచేసిన కంపెనీయా, పూసే డీలరా? మళ్లీ కారితే డబ్బా మాత్రమే ఇస్తారా, కూలీ కూడానా? 'స్లాబులో పగుళ్లు వస్తే వర్తించదు' అన్న ముక్క ఉందా? ఉంటే మీ ఇంటికి ఆ పదేళ్లు పది రోజుల కింద లెక్క. ఇక ఆదివారం లోపు తగ్గింపు అంటారా, పాతికేళ్లు ఆగిన స్లాబు సోమవారం దాకా ఆగదా?

ఇప్పుడు మీకు అసలు కష్టంగా ఉన్న భాగానికి వస్తాను, మేస్త్రిగారితో మాట్లాడటం. "మీరు మోసం చేశారు" అని మొదలెడితే ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, అమ్మ రేపు అదే వీధిలో ఉండాలి. "అన్నయ్యా, ఇంత డబ్బు పెట్టేముందు మా అన్నయ్య ఇంజనీరు రిపోర్టు కావాలంటున్నాడు, మీరూ పక్కనే ఉండి చూపించండి" అనండి. బెంగళూరులో ఉన్న అన్నయ్య ఈ మాత్రం పనికొస్తాడు. మంచి మేస్త్రి దీనికి నొచ్చుకోడు, ఇంజనీరు పక్కన నిలబడి తనకి తెలిసింది చెబుతాడు. తండ్రి కట్టిన స్లాబు గురించి ఆయనకి తెలిసినంత ఆ ఇంజనీరుకీ తెలీదు. నొచ్చుకుని "నామీద నమ్మకం లేదా" అని లేచిపోతే మీకు కావాల్సిన సమాధానం పైసా ఖర్చు లేకుండా దొరికినట్టే, అమ్మకి కూడా మొహం చాటేసింది తను కాదన్న ఊరట ఉంటుంది.

ఆ తెల్లకాగితం లెక్క కూడా అడగండి, అనుమానంగా కాదు, అర్థం కావడానికి. 900 చదరపు అడుగులకి అయిదంగుళాల స్లాబంటే సుమారు పదిన్నర ఘనమీటర్ల కాంక్రీటు. దానికి 80, 90 బస్తాల సిమెంటు, టన్ను దరిదాపుల్లో ఇనుము సరిపోతాయి. ఆయన 160 బస్తాలు, రెండు టన్నులు రాశారు. కింద పూత, పైన వాటం, పిట్టగోడ, బీములు, సన్‌షేడ్లు కలిపి రాశారేమో, అప్పుడు లెక్క చాలావరకు దగ్గరపడొచ్చు. దేనికెంతో విడగొట్టి రాయమంటే తెలిసిపోతుంది.

పని ఆయనకే ఇచ్చేటట్టయితే సామాను మీరు కొని, ఆయనకి కూలీ మాత్రం కాంట్రాక్టుకి ఇవ్వడం ఒక పద్ధతి. సిమెంటు, ఇనుము బిల్లులు మీ చేతిలో ఉంటాయి గానీ, దించుకుని లెక్క చూసుకునే మనిషి అక్కడ ఉండాలి, డెబ్బై ఒకటేళ్ల అమ్మకి ఆ బరువు పెట్టకండి. మెటీరియల్‌తో సహా ఇస్తే ఆ తిప్పలు తప్పుతాయి, కానీ ఏ కంపెనీ సిమెంటు, ఏ ఇనుము అన్నది కాగితం మీద ఉండాలి. ఎలా ఇచ్చినా రెండున్నర లక్షల అడ్వాన్సు చాలా ఎక్కువ. మొదట పది, పదిహేను శాతం ఇచ్చి, మిగతాది పని నడిచే కొద్దీ ఇవ్వండి. పాతది కొట్టి చెత్త ఎత్తాక కొంత, ఇనుము కట్టాక కొంత, పోశాక కొంత, చివరి పది శాతం తొలి వానలు చూశాక. వీటిలో ఇనుము కట్టిన రోజు మీకు ముఖ్యం. కాంక్రీటు పడ్డాక ఎవరూ ఏమీ చూడలేరు. ఆ రోజు ఇంజనీరు వచ్చి ఊచల దూరం, ఊచలు కింది పలకకి తగలకుండా ఎత్తిపెట్టే కవర్ బ్లాకులు చూసి సరే అంటేనే పోయాలని ముందే రాసుకోండి. పోసే రోజు కూలీలకి బిర్యానీ పెట్టే సరదా ఎలాగూ ఉంటుంది, పెట్టండి, కానీ ఎం20 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) కంటే తక్కువ మిశ్రమం వద్దని, కాంక్రీటుని కుదిపి గాలి బుడగలు పోగొట్టే వైబ్రేటర్ ఉండాలని, ఈసారి తాగే నీళ్లతోనే కలపాలని కూడా ఆ కాగితంలో ఉండాలి. మీది తీరం కాబట్టి ఎం20 కంటే పైది కావాలా, కవర్, అంటే ఊచని కప్పే కాంక్రీటు మందం, ఎంత ఉండాలి అన్నది ఇంజనీరునే రాయమనండి. పోశాక మడులు కట్టి కనీసం పది రోజులు తడపాలి. సపోర్టులు చిన్న గదులకి ఏడు రోజులకి తీయొచ్చని నియమం ఉన్నా, 14 రోజులు ఉంచమనండి. కాగితం స్టాంపు పేపరే కానక్కర్లేదు, ఇద్దరి సంతకాలున్న తెల్లకాగితమైనా చాలు.

పాత 25 వేల సంగతి రెండు రకాలుగా చూడొచ్చు. కోటింగ్ పనిచెయ్యలేదు కాబట్టి ఇవ్వనంటే న్యాయం మీ వైపు కొంత ఉంది, కానీ ఆయన సామాను కొన్నాడు, కూలీలకి ఇచ్చాడు. రిపోర్టు వచ్చేదాకా ఆగి, ట్యాంకు పైపు బాగుచేయడం, హాల్లో సపోర్టులు అందులోకి సర్దుకుని మిగతాది తేల్చేస్తే ఎవరి పరువూ పోదు. గొడవ ముదిరితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ల లోపు వెళ్లాలి, చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, నోటిమాటే అయినా ఫోన్‌పే రశీదులు, వాట్సాప్ మెసేజులు పనికొస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. 25 వేల కోసం అంత దూరం వెళ్తే డబ్బు మిగిలినా, అర్ధరాత్రి అమ్మకి ఒంట్లో బాగోకపోతే పరిగెత్తుకొచ్చే మనిషి మిగలడు. ఏడున్నర లక్షలు తీసుకుని పని సగంలో వదిలేసినప్పుడు వాడాల్సిన అస్త్రం అది.

అన్నయ్య విషయం క్లుప్తంగా చెబుతాను. ఇల్లు ఉంచాలా అమ్మాలా అన్నది స్లాబుతో తేలే ప్రశ్న కాదు, కానీ ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది తెలిస్తే ఎంత పెట్టాలో తెలుస్తుంది. అమ్మ ఇంకో పదిహేనేళ్లు అక్కడే ఉంటానంటే ఒక లెక్క, రెండేళ్లలో మీ దగ్గరికి వస్తానంటే ఇంకో లెక్క. ఈ మాట మీరిద్దరూ ఫోన్లో తేల్చేసుకోకండి, అమ్మని అడగండి. మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, ఆవిడకి ఏం కావాలో మాత్రం లేదు, మేస్త్రి ఏమనుకుంటాడో అన్న ఒక్క ముక్క తప్ప. ఇంకొకటి, ఇల్లు నాన్నగారి పేరు మీదే ఉందన్నారు. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటా అమ్మకి, అన్నయ్యకి, మీకు సమానంగా వస్తుంది. ఏడు లక్షలు మీరొక్కరే పెట్టేటట్టయితే, అది అమ్మకి ఇచ్చిందా, ఇంటి మీద బాకీయా అన్నది ఇప్పుడే అన్నయ్యతో ఒక మెసేజులోనైనా రాయించుకోండి. ఇప్పుడైతే ఇద్దరూ నవ్వుకుంటూ రాసుకోగలరు.

ఈ వారానికి ఫ్యాను, మంచం, పెన్సిలు గీత, ఇంతే. ట్యాంకు ఖాళీ చేసిన మూడో రోజు వంటింటి మచ్చ ఎలా ఉందో నాకు రాయండి.